వాగు వెంట పదకొండు రోజులు

ఇది కట్టుకథ కాదు. నిజంగా జరిగిన సంగతి. 1971 డిసెంబరులో పెరూ అనే దేశంలో జరిగింది.

పెరూ మనకు చాలా దూరం. అది దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. మనకు తెల్లవారేటప్పుడు అక్కడ పొద్దు గూకుతుంది. ఆ దేశంలో ఒక పక్క సముద్రం ఉంది. ఆ సముద్రం ఒడ్డున లీమా పట్నం ఉంది. అదే రాజధాని. లీమాలో వాన చాలా అరుదు. పట్నం దాటితే ఆండీస్ కొండలు. అవి మంచు కప్పుకున్న ఎత్తయిన కొండలు. కొండలు దాటి అవతలికి దిగితే ఇక అడవే అడవి. అదే అమెజాన్ అడవి.

అక్కడ ఏడాది పొడుగునా వానలే. అందుకే దాన్ని వర్షారణ్యం అంటారు. చెట్లు తాటిచెట్ల కంటే ఎత్తు పెరుగుతాయి. పైన కొమ్మలు ఒకదానిలో ఒకటి అల్లుకుని పందిరి కట్టినట్టు ఉంటాయి. లావుపాటి తీగలు కిందికి వేలాడుతాయి. మిట్టమధ్యాహ్నం కూడా కింద చీకటిగానే ఉంటుంది. నేల ఎప్పుడూ తడే. ఆకులు రాలి, కుళ్ళి మెత్తగా ఉంటుంది.

ఆ అడవిలో ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటికి బయలుదేరిన ఒక విద్యార్థిని కథ ఇది.

ఆమె పేరు యూలియానే. అప్పుడు ఆమెకు పదిహేడేళ్ళు. అమ్మ పేరు మరియా, నాన్న పేరు హాన్స్. ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చి పెరూలో స్థిరపడ్డారు. ఇద్దరూ జంతువుల గురించి చదువుకున్నవాళ్ళు. అమ్మకు పక్షులంటే ప్రాణం. పెరూ పక్షుల గురించి ఆమెకు తెలిసినంత తెలిసినవాళ్ళు ఆ రోజుల్లో చాలా తక్కువ.

1968లో తల్లిదండ్రులు లీమా వదిలి అడవికి మకాం మార్చారు. ఒక చిన్న నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. నేలకు ఎత్తుగా గుంజల మీద కట్టిన గుడిసెలు. పైన ఆకుల కప్పు. ఆ చోటికి పంగ్వానా అని పేరు పెట్టారు. అది అక్కడి ఒక పక్షి పేరు. అక్కడ ఉండి అడవిలోని పక్షుల్ని, జంతువుల్ని చూసి రాసుకునేవాళ్ళు.

యూలియానేకు మొదట అక్కడికి పోవడం ఇష్టం లేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. స్నేహితురాళ్ళను వదిలి చీకటి చెట్ల కింద కూర్చోవాలా అనుకుంది. వెళ్ళాక మనసు మారింది. సుమారు ఏడాదిన్నర అక్కడే ఉంది. చదువు ఇంట్లోనే. అమ్మానాన్నల వెంట అడవిలో తిరిగింది. ఏ కూత ఏ పక్షిది? ఎక్కడ కాలు పెట్టకూడదు? ఏది ముట్టుకోకూడదు? పాఠం అని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మన పిల్లలు మన వెంట పొలానికి వచ్చి కలుపు మొక్క ఏదో, పైరు ఏదో నేర్చుకున్నట్టే నేర్చుకుంది.

నాన్న ఒక మాట చెప్పాడు. "అడవిలో దారి తప్పితే నీళ్ళు ఎక్కడున్నాయో చూడు. నీళ్ళు ఎటు పారితే అటు పో. చిన్న వాగు పెద్ద వాగులో కలుస్తుంది. పెద్ద వాగు నదిలో కలుస్తుంది. నది ఒడ్డున మనుషులు ఉంటారు."

పరీక్షలు మాత్రం పట్నంలోనే రాయాలి. అందుకని యూలియానే లీమాకు తిరిగి వచ్చి బడిలో చేరింది.

పండగకు ఇంటికి

1971 డిసెంబరు. క్రిస్మస్ దగ్గర పడింది. నాన్న పంగ్వానాలో ఉన్నాడు. అమ్మ లీమాకు వచ్చింది. తల్లీకూతుళ్ళు కలిసి పండగకు అడవి ఇంటికి వెళ్ళాలి. అమ్మ కొన్ని రోజులు ముందే బయలుదేరదాం అంది. కానీ యూలియానే బడి చదువు అప్పుడే పూర్తవుతోంది. 23వ తేదీన బడిలో పట్టాలిచ్చే సభ ఉంది. "అది చూసుకుని పోదాం అమ్మా" అంది. అమ్మ సరేనంది. ఏ తల్లి మాత్రం కాదంటుంది?

డిసెంబరు 24న ఇద్దరూ విమానం ఎక్కారు. పొద్దున్నే పోవాల్సిన విమానం మధ్యాహ్నం దాకా కదలలేదు. అది కొండలు దాటి పుకాల్పా అనే ఊళ్ళో దిగాలి. గంట ప్రయాణం. విమానంలో మొత్తం 92 మంది ఉన్నారు. చాలామంది పండగకు ఇళ్ళకు పోయేవాళ్ళే. సంచుల నిండా కానుకలు, పిండివంటలు. యూలియానే కిటికీ పక్కన కూర్చుంది. ఆ పక్కనే అమ్మ.

కొండలు దాటారు. ఎదురుగా నల్లటి మబ్బు. విమానం అందులోకి దూరింది. ఊగిపోయింది. పైనున్న సామాన్లు కింద పడ్డాయి. అమ్మ, కూతురు చేతులు పట్టుకున్నారు. రెక్క మీద తెల్లటి వెలుగు మెరిసింది. పిడుగు! విమానం ముక్కలైంది.

తర్వాత పెద్ద శబ్దం ఆగిపోయింది. యూలియానే విమానంలో లేదు. తను కూర్చున్న కుర్చీల వరసతో సహా గాలిలో పడిపోతోంది. నడుముకు బెల్టు అలాగే ఉంది. పక్కన అమ్మ లేదు. కింద అడవి గిర్రున తిరుగుతూ పైకి వస్తున్నట్టు కనిపించింది. అంతే. స్పృహ పోయింది.

ఆమె పడింది సుమారు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి. ఎలా బతికింది? ఖాయంగా ఎవరూ చెప్పలేరు. కుర్చీల వరస గాలిలో గింగిరాలు తిరుగుతూ పడడం వల్ల వేగం తగ్గి ఉండవచ్చు. చెట్ల కొమ్మలు, తీగలు వలలాగా పట్టి ఉండవచ్చు.

ఒక చెప్పు, ఒక మిఠాయి సంచి

మరునాడు పొద్దున కళ్ళు తెరిచింది. చేతి గడియారం తొమ్మిది చూపిస్తోంది. మెడ కింద ఎముక విరిగింది. చేతి మీద, కాలి మీద లోతైన గాయాలు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. కళ్ళజోడు పోయింది. ఆమెకు దూరం చూపు ఆనదు. ఒంటి మీద చేతులు లేని పొట్టి గౌను. కాలికి ఒకటే చెప్పు.

లేవబోతే తల తిరిగింది. పడుకుంది. మళ్ళీ లేచింది. "అమ్మా!" అని పిలిచింది. ఎన్నిసార్లు పిలిచినా కప్పల అరుపులే జవాబు.

చుట్టూ వెతికితే ఒక సంచి మిఠాయి దొరికింది. చప్పరించే మిఠాయి. పదకొండు రోజులూ ఆమె తిన్నది అదొక్కటే. కొన్ని రోజులకు అదీ అయిపోయింది.

పైన విమానాల మోత వినబడింది. వెతకడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. కానీ పైనుంచి చూస్తే ఆకుల పందిరి తప్ప ఏమీ కనబడదు. కింద ఉన్న పిల్ల అరిచినా వినబడదు. కొన్ని రోజుల తర్వాత ఆ మోత కూడా ఆగిపోయింది. ఇక ఎవరూ రారు అని ఆమెకు అర్థమైంది.

అప్పటికే ఆమెకు నీటి చప్పుడు వినబడింది. చిన్న ఊట. అందులోంచి సన్నటి ధార పారుతోంది. నాన్న మాట గుర్తొచ్చింది. ఆ ధార వెంట నడవడం మొదలుపెట్టింది. చెప్పు ఉన్న కాలు ముందు పెట్టేది. దాని తర్వాత వట్టి కాలు. ఆకుల కింద పాము ఉన్నా కళ్ళజోడు లేని కంటికి కనబడదు కదా!

నాలుగో రోజున రాబందు రెక్కల చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. చచ్చినవి ఉన్నచోటికే ఆ పక్షి వస్తుంది. భయపడుతూ వెళ్ళి చూసింది. కుర్చీల వరస ఒకటి నేలలో దిగబడి ఉంది. అందులో ముగ్గురు చనిపోయి ఉన్నారు. ఒకరు ఆడమనిషి. అమ్మేమో! యూలియానే ఒక పుల్లతో ఆ పాదాన్ని కదిపి చూసింది. గోళ్ళకు రంగు ఉంది. అమ్మ గోళ్ళకు ఎప్పుడూ రంగు వేసుకోదు. ఆమె అమ్మ కాదు. గుండె కుదుటపడింది. ఆ వెంటనే, ఎవరో చనిపోతే ఇలా అనుకున్నానేమిటి అని సిగ్గుపడింది.

చేపలున్న నీళ్ళు

ధార వాగైంది. వాగు ఏరైంది. ఒడ్డున నడవాలంటే పొదలు, ముళ్ళు. అందుకని నీళ్ళలోనే నడిచింది. లోతైన చోట ఈదింది.

ఆ ఏళ్ళలో చేపలకు కొదవ లేదు. ఒడ్డున ఉండే జనానికి చేపే కూర, చేపే బువ్వ. గాలం వేసి పడతారు, వల వేసి పడతారు. ఒక రకం వేరు దంచి, ఆ రసం నీళ్ళలో కలిపి కూడా పడతారు. చేపలు మత్తెక్కి తేలుతాయి. చేత్తో ఏరుకోవడమే. మన ఏజెన్సీ అడవుల్లో కూడా కొన్ని చెట్ల కాయలు, బెరడు దంచి వాగు మడుగులో వేసి ఇలాగే చేపలు పడతారు. తెలివి ఒకటే, ఊళ్ళే వేరు.

మరి యూలియానే ఆకలితో ఎందుకు మాడింది? నీళ్ళ నిండా చేపలుంటే ఒక్కటైనా పట్టలేకపోయిందా?

పట్టలేకపోయింది. గాలం లేదు, వల లేదు, కత్తి లేదు. ఒక చేతికి గాయం, మెడ కింద ఎముక విరిగి ఉంది. వట్టి చేతులతో పారే నీళ్ళలో చేపను పట్టడం ఎంత కష్టమో పట్టి చూసినవాళ్ళకు తెలుసు. కత్తి ఉంటే తాటిజాతి చెట్టు నరికి లోపలి మెత్తటి గుజ్జు తినేది. అదీ కుదరలేదు. అది వానాకాలం. నిప్పు రాజేసే దారి లేదు. కాయలు, పళ్ళు కనిపించాయి. కానీ తనకు తెలియనిది ఏదీ నోట పెట్టలేదు. ఆ అడవిలో విషపు కాయలు చాలా ఉన్నాయని ఆమెకు తెలుసు. ఆకలి వేసినప్పుడల్లా కడుపు నిండా ఏటి నీళ్ళు తాగింది.

చేపల్ని పట్టలేకపోయినా, చేపల సంగతి తెలియడం ఆమెకు ఎంతో అక్కరకు వచ్చింది. ఆ నీళ్ళలో ఒక రకం బల్లపరుపు చేప ఉంటుంది. దాని తోకలో విషపు ముల్లు ఉంటుంది. ఒడ్డు దగ్గర తక్కువ నీళ్ళలో, బురదలో కదలకుండా పడుకుంటుంది. తొక్కితే ముల్లు దిగుతుంది. అందుకని యూలియానే చేతిలో కర్ర పట్టుకుంది. ముందు కర్రతో నేల పొడిచి, తర్వాత అడుగు వేసింది. లోతు రాగానే ఒడ్డు వదిలి ఏటి నడుమ ఈదింది.

పిరానా అనే చేప సంగతి మరొకటి. చిన్న చేపే. పళ్ళు మాత్రం రంపం లాంటివి. మనుషుల్ని పీక్కు తింటుందని లోకమంతా చెప్పుకుంటారు. అక్కడివాళ్ళు మాత్రం దాన్నే గాలానికి పట్టి వండుకు తింటారు! నిలవ నీళ్ళలో, నీళ్ళు తగ్గిన మడుగుల్లో దానితో ప్రమాదం ఉంది. పారే ఏటి నడుమ అంత భయం లేదు. ఇదీ ఆమెకు తెలుసు. ఒడ్డున ఎండకు పడుకున్న మొసళ్ళు ఆమెను చూసి నీళ్ళలోకి జారేవి. మనిషి చప్పుడుకు బెదిరి అవి నీళ్ళలోకి దిగుతాయనీ, మీద పడడం అరుదనీ కూడా తెలుసు. అందుకే కంగారు పడకుండా ఈదింది.

ఒకచోట ఒక కూత వినబడింది. హోట్సిన్ అనే పక్షి కూత. ఆకులు తిని బతికే పెద్ద పక్షి అది. దగ్గరికి పోతే పేడ వాసన వస్తుంది. ఆ పక్షి బాగా విశాలమైన నీళ్ళ ఒడ్డునే గూడు కడుతుంది. ఈ సంగతి అమ్మ దగ్గర నేర్చుకుంది. అంటే పెద్ద నది దగ్గరే ఉంది! ఆ కూత వచ్చిన వైపు కష్టపడి దారి చేసుకుంటూ పోయింది. నిజంగానే నది కనబడింది. కానీ ఒడ్డున మనుషుల జాడ లేదు.

ఎండకు వీపు కాలి రక్తం కారింది. ఒళ్ళంతా దోమకాట్లు. చేతి గాయంలో ఈగలు గుడ్లు పెట్టాయి. పురుగులు పడ్డాయి. ఎక్కడ కోళ్ళు కూసినట్టు వినబడినా ఊరేమో అనుకునేది. రాత్రుళ్ళు చలి, వాన. ఒక్కతే ఒక చెట్టుకు ఆనుకుని కూర్చునేది. అమ్మ ఎక్కడుందో అనుకునేది.

పరాయి పడవ

పదో రోజు సాయంత్రం. ఇసుక మీద కూలబడింది. ఎదురుగా ఏదో కనబడుతోంది. పడవ! కళ్ళు మోసం చేస్తున్నాయేమో అనుకుంది. దగ్గరికి పోయి చేత్తో తాకింది. నిజం పడవే. పక్కనుంచి గట్టు మీదికి కాలిబాట ఉంది. పాకుతూ ఎక్కింది. పైన ఒక గుడిసె. మనుషులు లేరు. పడవ ఇంజను, పెట్రోలు డబ్బా ఉన్నాయి.

ఒకసారి ఇంట్లో కుక్కకు పుండు పడి పురుగు పట్టింది. నాన్న దాని మీద కిరసనాయిలు పోశాడు. పురుగులు బయటికి వచ్చాయి. అది గుర్తొచ్చి, తన గాయం మీద పెట్రోలు పోసుకుంది. ప్రాణం పోయినంత మంట. పురుగులు పైకి వచ్చాయి. ఒక్కొక్కటే లాగింది. ముప్పై దాకా లాగింది. (అడవిలో ఒంటరి పిల్ల, వేరే దారి లేక చేసిన పని ఇది. మనం గాయం మీద పెట్రోలు, కిరసనాయిలు పోయకూడదు. చర్మం కాలుతుంది, ఒంటికి విషమవుతుంది. పుండు పడితే ఆస్పత్రికి పోవాలి.)

పడవ తీసుకుని పోతే? నది కిందికి పోతే ఊరు వస్తుంది. కానీ అది ఎవరిదో పడవ. పడవ లేకపోతే దాని మనిషి ఈ అడవిలో ఏమైపోతాడు? చచ్చిపోయే స్థితిలో కూడా యూలియానే ఇలా ఆలోచించింది. పడవ ముట్టుకోలేదు.

మరునాడు, 1972 జనవరి 3న మనుషుల గొంతులు వినబడ్డాయి. అడవిలో పని చేసుకునేవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఆమెను చూసి నిలబడిపోయారు. తెల్లటి ఒళ్ళు, బంగారు రంగు జుట్టు, రక్తం నిండిన కళ్ళు. నీళ్ళలో ఉండే దేవత అనుకున్నారు. ఆమె వాళ్ళ భాష స్పానిష్‌లోనే మాట్లాడింది. "నేను కూలిపోయిన విమానంలోని పిల్లను. నా పేరు యూలియానే" అంది.

వాళ్ళు గాయాలు కడిగారు. కర్రపెండలం పిండి కలిపి పెట్టారు. అక్కడి వాళ్ళకు కర్రపెండలమే ముఖ్యమైన తిండి. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికానే. అక్కడి నుంచే లోకమంతా తిరిగి, మన గోదావరి జిల్లాకూ వచ్చింది. మనం వండుకునే సగ్గుబియ్యం దాని పిండితోనే చేస్తారు. యూలియానే మాత్రం ఆ రోజు ఎక్కువ తినలేకపోయింది. పది రోజులు ఎండిన కడుపు కదా!

మరునాడు వాళ్ళు ఆమెను పడవలో పడుకోబెట్టారు. చాలా గంటలు ప్రయాణం చేసి ఒక ఊరు చేర్చారు. అక్కడి నుంచి చిన్న విమానంలో పుకాల్పా దగ్గరికి తీసుకుపోయారు. మళ్ళీ విమానం ఎక్కాలంటే ఎంత భయపడి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

నాన్న వచ్చాడు. ఆయనకు మాట రాలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉండిపోయారు.

విమానం ఎక్కడ పడిందో యూలియానే చెప్పిన గుర్తులతోనే తెలిసింది. ఆ చోటు పంగ్వానాకు సుమారు 50 కిలోమీటర్లు. జనవరి 12న అమ్మ శరీరం దొరికింది. ఆమె కూడా పడగానే పోలేదు. లేవలేని గాయాలతో కొన్ని రోజులు బతికే ఉందని కూతురికి తర్వాత తెలిసింది. 92 మందిలో ఇల్లు చేరింది ఒక్క యూలియానే.

ఉత్తరాలు

ఈ సంగతి పేపర్లలో వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో ముక్కూ ముఖం తెలియనివాళ్ళు ఆమెకు ఉత్తరాలు రాశారు. వందల ఉత్తరాలు. కొందరికి చిరునామా తెలియదు. కవరు మీద "యూలియానే, పెరూ" అని రెండే మాటలు రాశారు. అవి కూడా ఆమెకు చేరాయి!

ఒంటి గాయాలు మానాయి. పీడకలలు మాత్రం ఏళ్ళ తరబడి వదల్లేదు. అందరూ పోయి నేనొక్కదాన్నే ఎందుకు మిగిలాను అనే బాధ కూడా వదల్లేదు. నాన్న ఆమెను జర్మనీకి పంపాడు. అక్కడ జీవశాస్త్రం చదివింది. అడవి మీద ఆమెకు కోపం రాలేదు. పైచదువు కోసం మళ్ళీ పంగ్వానాకే వెళ్ళి, అక్కడి గబ్బిలాల గురించి పరిశోధన చేసింది. డాక్టరు పట్టా పుచ్చుకుంది.

2000లో నాన్న చనిపోయాడు. పంగ్వానా పని ఆమె చేతికి వచ్చింది. చుట్టూ అడవిని నరికి పశువుల బీళ్ళు చేస్తున్న రోజులవి. ఆమె దాతల్ని కూడగట్టి, చుట్టుపక్కల భూమి కొని అడవిని పెంచుతూ వచ్చింది. 2011లో పెరూ ప్రభుత్వం పంగ్వానాను నరకకూడని రక్షిత అడవిగా ప్రకటించింది.

మీరు మాట్లాడుకోండి

పాఠం ఒకరు పైకి చదవండి. మిగతావాళ్ళు వినండి. తర్వాత మాట్లాడుకోండి. యూలియానే పడవ తీసుకోకపోవడం సరైనదేనా? మీరైతే ఏం చేసేవాళ్ళు? అందరూ ఒకేలా చెప్పాలని లేదు. మీ ఊరి వాగు ఎక్కడ పుట్టి, ఎందులో కలుస్తుంది? అందులో ఏ చేపలు దొరుకుతాయి? మీ అమ్మ పని చేస్తూ, చేస్తూ మీకు నేర్పిన ఒక సంగతిని పలక మీద నాలుగు వాక్యాల్లో రాయండి. రాసింది పక్కవాళ్ళకు చదివి వినిపించండి.